మెదడులోని గ్రాహకములు – జాడ తెలుపు ట్రేసర్లు

వణకుచున్న చేతిని ఎవరైనను చూడగలరు. ఆ వణకునకు మూలమైన మార్పును బ్రతికియున్న మనిషి మెదడులో చూచుట మాత్రము చాలకాలము వైద్యులకు అసాధ్యముగా నుండెను. మరణానంతరము మెదడును కోసి పరీక్షించుటయే మార్గము.

నాడీకణము విడుదల చేయు డోపమైన్ అను రసాయనమును ఎదుటి కణము మీది గ్రాహకములు అందుకొనును. పార్కిన్సన్ వ్యాధిలో డోపమైన్ తయారుచేయు కణములు నశించును. హంటింగ్టన్ వ్యాధిలో గ్రాహకములు గల కణములే నశించును. మొదటిది పంపువాని లోపము. రెండవది అందుకొనువాని లోపము.

1983లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో హెన్రీ వాగ్నర్, ఆయన సహచరులు సజీవ మానవుని మెదడులో డోపమైన్ గ్రాహకములను తొలిసారి చిత్రించిరి. ఆ మానవుడు వాగ్నరే! గ్రాహకమునకు అంటుకొను స్పైపిరోన్ అను మందునకు రేడియోధార్మిక కార్బన్-11 గల మిథైల్ సమూహమును చేర్చి, అతి స్వల్ప పరిమాణమున రక్తములోనికి ఎక్కించిరి. కార్బన్-11 వెలువరించు పాజిట్రాన్ సమీపమునగల ఎలక్ట్రాన్‌తో కలిసి నశించగా, రెండు గామా కిరణములు పరస్పర వ్యతిరేక దిశలలో బయలుదేరును. తల చుట్టునున్న శోధకములు వానిని పట్టి, మందు ఎచ్చట చేరినదో చూపును. ఇట్లు జాడ తెలుపు పదార్థమే ట్రేసర్.

ఇచ్చట రసాయనజ్ఞుని ప్రథమ శత్రువు గడియారము. కార్బన్-11 అర్ధజీవితకాలము సుమారు 20 నిమిషములు. గంట గడచునప్పటికి ఎనిమిదవ వంతే మిగులును. మనము కళాశాలలో రెండు టైట్రేషన్లు ముగించు వ్యవధిలో అతడు సంశ్లేషణ, శుద్ధి, పరీక్ష అన్నియు ముగించి మందును రోగి కడకు పంపవలెను!

తొందర ఒక్కటే చాలదు. ట్రేసర్ రక్తమునకు, మెదడునకు నడుమనున్న అవరోధమును దాటవలెను, కోరిన గ్రాహకమునే పట్టవలెను, ఇతరములకు అంటరాదు. ఈ చివరి నియమమే కఠినమని నా తలంపు. మిథైల్ స్పైపిరోన్ సెరొటోనిన్ గ్రాహకములను కూడ పట్టును. 1980ల మధ్యలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు వాడిన రాక్లోప్రైడ్‌కు ఈ దోషము లేదు. పైగా అది గ్రాహకమును పట్టి విడుచుచుండును. డోపమైన్ పెరిగినచో దానికి చోటు తగ్గును. చిక్కుగా తోచు ఈ గుణమే డోపమైన్ విడుదలను అంచనా వేయుటకు సాధనమైనది.

పార్కిన్సన్ వ్యాధి తొలిదశలో, చికిత్స పొందని రోగులయందు ఈ గ్రాహకములు తగ్గలేదని ఇట్టి చిత్రములే చూపినవి. లెవోడోపా మందు వారికి ఏల పనిచేయునో దీనివలన బోధపడును. హంటింగ్టన్ రోగులలో అవి తగ్గియున్నవి.

అయితే రాక్లోప్రైడ్ పట్టు మితమైనది. గ్రాహకములు బహు స్వల్పముగానున్న మెదడు పైపొరలో అది చాలదు. అచ్చటికి మరింత గట్టిగా పట్టు ఫాల్లిప్రైడ్‌ను వాడుదురు. అది కుదురుకొనుటకు ఎక్కువ సమయము కావలెను గనుక, దానికి 110 నిమిషముల అర్ధజీవితకాలము గల ఫ్లోరిన్-18ను జోడింతురు.