గుర్రానికి దుమ్ము తీసే యంత్రం

పిల్లలూ! పోర్ట్ లూయీలోని షాన్ ద మార్స్‌లో గుర్రపు పందేలు 1812లో మొదలైనవి. మీరు గుర్రాలను చూచే ఉంటారు. వాటి ఒంటి దుమ్మును అమెరికాలో కొందరు యంత్రంతో తీస్తారు.

అక్కడి ఒహాయో రాష్ట్రంలో స్పాంగ్లర్ అనే అతడు ఒక దుకాణం ఊడ్చేవాడు. దుమ్ము వల్ల అతనికి ఆయాసం వచ్చేది. 1907లో అతడు కరెంటుతో దుమ్ము పీల్చే యంత్రం చేశాడు. గుర్రాల యంత్రం కూడ అటువంటిదే. లోపల పంకా గిర్రున తిరిగి గాలిని బయటకు తోస్తుంది. అప్పుడు బయటి గాలి గొట్టంలోకి దూసుకువస్తుంది. దానితో దుమ్మూ, ఊడిన వెంట్రుకలూ సంచిలో పడతాయి.

కాని ఆ మోతకు గుర్రం బెదురుతుంది. బెదిరితే తన్నుతుంది! అందుచేత మొదట యంత్రాన్ని దూరాన ఉంచి, మోత మాత్రమే వినిపిస్తారు. కొన్నాళ్లకు దగ్గరకు తెస్తారు. గొట్టాన్ని ముందు భుజానికి, తరువాత వీపుకు ఆనిస్తారు. ముఖాన్ని మాత్రం మెత్తని గుడ్డతోనే తుడుస్తారు.