కాందిశీకుల బిడ్డ – ఎవరి బిడ్డ?

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 2:13–15; ఎస్తేరు 2:5–7; నిర్గమకాండము 2:1–11

పరదేశములలో యుద్ధము వచ్చినప్పుడు, భూకంపము కలిగినప్పుడు, దిక్కులేని పసిబిడ్డలను గూర్చిన వార్తలు మన పల్లెలకును చేరుచున్నవి. ఆ పటములను చూచి కన్నీరు విడువని తల్లి యుండదు. "వారిలో ఒక బిడ్డను మాకిచ్చిన యెడల కన్నబిడ్డవలె పెంచుకొందుము" అని తలంచు దంపతులు మన సంఘములలో కలరు. విదేశములలో స్థిరపడిన మనవారిలోను ఇట్టి తలంపు కలుగవచ్చును. ఇది మంచి తలంపే. మన దేవుడు తండ్రిలేనివానికి న్యాయము తీర్చువాడు, పరదేశిని ప్రేమించువాడు. అయినను కనికరమునకు తోడు వివేచన యుండవలెను. "ఈ బిడ్డను ఎవరు పెంచుకొందురు?" అని అడుగకముందు, "ఈ బిడ్డ ఎవరి బిడ్డ?" అని అడుగవలెను. ఈ సంగతిని లేఖనములలోని ముగ్గురు బిడ్డల చరిత్రల ద్వారా నేర్చుకొందము.

1. ఐగుప్తుకు పారిపోయిన కుటుంబము

మన ప్రభువే కాందిశీకుల బిడ్డ. హేరోదు కత్తికి తప్పించుకొనుటకు రాత్రివేళ పరదేశమునకు కొనిపోబడెను. దేవుడు యోసేపుతో ఏమి చెప్పెనో గమనించుడి. శిశువును ఐగుప్తులోని ఎవరో ఒక దయగల వారికి అప్పగించి రమ్మని చెప్పలేదు. శిశువును తల్లిని కలిపి తీసికొనిపొమ్మనెను. కుటుంబము కుటుంబముగానే పోయెను, కుటుంబముగానే తిరిగి వచ్చెను.

కావున కాందిశీకుల బిడ్డకు చేయదగిన మొదటి మేలు, వానిని తన తల్లిదండ్రుల యొద్దనే యుండనిచ్చుట. ఆకలిచేత బిడ్డను విడిచిపెట్టుటకు సిద్ధపడిన తల్లికి కావలసినది అన్నము, నీడ, పని. వాటినిచ్చుటకు మారుగా ఆమె బిడ్డను తీసికొనుట ధర్మము కాదు. బీదతనము బిడ్డను పోగొట్టుకొనదగిన నేరము కాదు గదా!

2. షూషను పట్టణములోని ఎస్తేరు

ఎస్తేరు చెరపట్టబడిన జనమునకు చెందిన పిల్ల. ఆమెకు తల్లియు తండ్రియు చనిపోయిరి. అప్పుడు ఆమెను చేరదీసినవాడు మొర్దెకై. అతడు ఆమె పినతండ్రి కుమారుని వరుస. రక్తసంబంధి దొరికినంత వరకు బిడ్డను పరాయివారి యింటికి పంపనక్కరలేదని ఇందువలన తెలియుచున్నది.

తిరునాళ్ళలో ఒక బిడ్డ తప్పిపోయి ఏడ్చుచు మనకు కనబడిన యెడల మనమేమి చేయుదుము? ఇంటికి తీసికొనిపోయి పేరు మార్చి పెంచుకొందుమా? మైకులో చెప్పింతుము, పోలీసు వారికి తెలుపుదుము, తల్లి వచ్చువరకు చెయ్యి పట్టుకొని నిలుతుము. యుద్ధములో ఒంటరిగా కనబడు బిడ్డలలో అనేకులు ఇట్లు తప్పిపోయినవారే. జనసమూహములో చెయ్యి విడిపోవును. తండ్రి ఒక దేశపు శిబిరములోను బిడ్డ వేరొక దేశములోను ఉందురు. రెడ్ క్రాస్ వారు ఇట్టి కుటుంబములను వెదకి కలుపుచుందురు. దానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ఈలోగా బిడ్డను దత్తతనిచ్చిన యెడల, తల్లి వచ్చిననాడు ఏమి సమాధానము చెప్పగలము? ఈ హేతువుచేతనే, ఆపద కాలములోను అది గడచిన వెంటనేయు దత్తతలు జరుపరాదని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ హెచ్చరించుచున్నది. 2022లో యుద్ధము పెద్దదైనప్పుడు ఉక్రెయిన్ ప్రభుత్వము తన బిడ్డలను విదేశములకు దత్తతనిచ్చుట నిలిపివేసెను.

ఈ సంగతిలో క్రైస్తవులమైన మనము మరువరాని ఒక చరిత్ర కలదు. వియన్నా నుండి ఫ్రాన్సుకు పారిపోయి వచ్చిన ఫినాలీ అను యూదు వైద్యుడును అతని భార్యయు 1944లో పట్టబడి ఆష్‌విట్స్ మరణ శిబిరమునకు పంపబడిరి, తిరిగి రాలేదు. వారి యిద్దరు పసికుమారులు ఒక శిశుశాల అధికారిణి సంరక్షణలో బ్రదికిరి. ఆ కాలములో యూదు బిడ్డలను దాచుట ప్రాణమునకు తెగించి చేసిన మేలు. అయితే 1945లో యుద్ధము ముగియగా, ఆ బిడ్డల మేనత్తలు వారిని తమకిమ్మని అడిగిరి. ఆమె ఇయ్యలేదు. 1948లో బిడ్డలకు బాప్తిస్మము ఇప్పించెను. బిడ్డలను అప్పగింపవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పినను, కొందరు మతగురువులు, కన్యస్త్రీలు వారిని దాచి సరిహద్దు దాటించి స్పెయినునకు పంపిరి. తుదకు 1953లో వారు తమ బంధువులకు చేరిరి.

ప్రాణము కాపాడిన చేయియే బంధువుల హక్కును అడ్డగించెను. బిడ్డను ప్రేమించుట వేరు, బిడ్డను స్వంతము చేసికొనుట వేరు. బాప్తిస్మము అనగానే మన హృదయములు సంతోషించును గాని, బిడ్డ యింకను మన సంరక్షణలో మాత్రమే యున్నప్పుడు, అతని వారెవరో తేలకముందు, ఆ బాప్తిస్మము అతనిని తన వారికి దూరము చేయు తాళము కాకూడదు. ఆత్మను గెలుచుటకు ఇంకొక తల్లి హక్కును దొంగిలించుట సువార్త కాదు.

3. నీటిలోనుండి తీయబడిన మోషే

అట్లయిన పరదేశపు బిడ్డను పెంచుకొనుట తప్పా? కాదు. ఫరో కుమార్తె పరజనుల బిడ్డను చూచి కనికరపడెను; ఆమె చేసిన పనిని దేవుడు తన జనుల విడుదలకు వాడుకొనెను. మనము కూడ దేవుని యింటికి దత్తపుత్రులముగా వచ్చినవారమే (రోమా 8:15). తల్లిదండ్రులు లేరనియు, పెంచగల బంధువులు లేరనియు, స్వదేశములో చేరదీయు ఇల్లు లేదనియు నిజముగా తేలినప్పుడు, పరదేశమందు ఒక ఇల్లు దొరకుట ఆ బిడ్డకు దీవెన.

ఆమె చేసిన విధమును కూడ చూడుడి. ఆ బిడ్డ హెబ్రీయుడని ఆమె యెరుగును. ఆ సంగతి దాచలేదు. అక్క వచ్చి మాటలాడగా తరిమివేయలేదు. బిడ్డను సాకిన తల్లికి జీతమిచ్చెను. మోషే పెద్దవాడై తన సహోదరులెవరో యెరిగి వారి యొద్దకు పోయెను. పెంచుకొన్న బిడ్డకు అతని పుట్టుక, జనము, భాష, పేరు దాచకుండుట మన బాధ్యత.

తొందరపడిన కనికరము ఎక్కడికి తీసికొనిపోవునో హైతీ దేశములో చూచితిమి. 2010 జనవరి 12న అక్కడ గొప్ప భూకంపము కలిగెను. ఆ నెల 29న పదిమంది అమెరికనులు, అందు అధికులు బాప్తిస్టు సంఘస్థులు, 33 మంది బిడ్డలను తగిన కాగితములు లేకుండ పొరుగు దేశమునకు తీసికొనిపోవుచు సరిహద్దున పట్టుబడిరి. అనాథలకు ఆశ్రమమిత్తుమని వారు బయలుదేరిరి గాని, ఆ బిడ్డలకు తల్లియో తండ్రియో బ్రదికియున్నట్లు తరువాత తెలిసెను. మంచి చదువు దొరకునని నమ్మి కొందరు తల్లిదండ్రులే బిడ్డలను అప్పగించిరి. మనకును ఇట్టి సిగ్గు లేకపోలేదు. 1999లోను 2001లోను, లంబాడీ తండాలలోని బీద తల్లుల యొద్ద ఆడ శిశువులను కొద్ది రూకలకు కొని విదేశ దత్తతకు ఉంచిన సంగతులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో బయలుపడెను.

4. చట్టము, క్రమము

దేశముల మధ్య జరుగు దత్తతలకు 1993 నాటి హేగ్ ఒప్పందము ఆధారము. మన దేశము 2003లో దానిని ఆమోదించెను. దాని ప్రకారము, బిడ్డకు స్వదేశములో ఇల్లు దొరకునేమో మొదట చూడవలెను. తల్లిదండ్రుల సమ్మతి స్వేచ్ఛగా, డబ్బు ఆశ లేకుండ కలుగవలెను. శిశువు పుట్టకముందు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదు. కాందిశీకుల బిడ్డల విషయమై 1994లో ప్రత్యేక సిఫారసు చేయబడెను. తల్లిదండ్రులను, బంధువులను వెదకు ప్రయత్నము పూర్తియైనదా యని అధికారులు ముందుగా నిశ్చయించుకొనవలెనని దాని సారాంశము.

మన దేశములో పూర్వము క్రైస్తవులకు దత్తత చట్టము లేదు. 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగిరి. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టము అన్ని మతములవారికిని దత్తతకు త్రోవ చూపుచున్నది. విదేశపు బిడ్డను పెంచుకొన గోరువారు ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థయైన 'కారా' ద్వారా నడువవలెను. ఒక సాంఘిక కార్యకర్త ఇల్లు చూచి నివేదిక వ్రాయును. బిడ్డ దేశపు అధికారులు ఒప్పుకొనవలెను. ఆ దేశపు పాస్‌పోర్టుతో వచ్చు బిడ్డకు ఇండియా వీసా కావలెను. సంఘకాపరి ఉత్తరము గాని స్టాంపు కాగితము గాని దత్తత కాజాలదు. "డబ్బిచ్చిన యెడల త్వరగా బిడ్డను తెచ్చెదము" అను మధ్యవర్తిని విడిచి తొలగిపోవుడి.

బిడ్డ వచ్చిన తరువాత పని యింకను ఎక్కువ. యుద్ధము చూచిన బిడ్డ రాత్రులు కేకలువేసి లేచును, రొట్టె ముక్క తలగడ క్రింద దాచుకొనును, నెలల తరబడి మాటలాడకపోవచ్చును. అట్టి బిడ్డ మనకు కృతజ్ఞత చూపవలెనని ఎదురుచూడరాదు. ఓర్పు, వైద్యము, వాని భాష తెలిసిన ఒక మనిషి అవసరము.

5. మనమందరము చేయగలిగినది

దూరదేశపు బిడ్డను తెచ్చుకొను అవకాశము మనలో బహు కొద్దిమందికే కలుగును. అయినను కాందిశీకుల కుటుంబములు మనకు దూరముగా లేవు. హైదరాబాదులో మియన్మారు నుండి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబములు కలవు. తమిళనాడు శిబిరములలో శ్రీలంక తమిళులు కలరు. వారి బిడ్డలను తీసికొనుటకు కాదు, వారి బిడ్డలు వారి యొద్దనే పెరుగునట్లు సహాయము చేయుటకు మన కానుకలు ఉపయోగపడవలెను. మన స్వంత జిల్లాలలోని శిశుగృహములలోను ఇల్లు కొరకు కనిపెట్టు బిడ్డలు కలరు.

కూడికలలో ఆలోచించుటకు

1. మన గ్రామములో బీదతనము వలన బిడ్డను హాస్టలునకో ఇతరులకో అప్పగింపబోవు తల్లి యున్నదా? ఆమె కొరకు సంఘము ఏమి చేయగలదు?
2. పెంచుకొన్న బిడ్డకు తన పుట్టుకను తెలుపుటకు మనమెందుకు భయపడుచున్నాము?
3. మోషే అక్క దూరముగా నిలిచి కనిపెట్టినట్లు, నేడు కాందిశీకుల బిడ్డను వెదకుచు నిలిచినవారు ఎవరు?

ప్రియులారా, బిడ్డ కొరకు చాచిన మన చేతులు ముందుగా వాని తల్లి కొరకు వెదకు చేతులై యుండునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.