పండగ ఎవరి బుర్రలో ఉంది?

డిసెంబరు 20 దాటాక క్రిస్మస్ చేసుకునే ఏ ఇంటికైనా వెళ్ళి "ఇంకా ఏం పనులు మిగిలాయి?" అని అడిగి చూడండి. "ఏముంది, అంతా అయిపోయినట్టే" అంటాడు ఇంటాయన. "స్టార్ కట్టాలి, అంతే" అంటాడు కొడుకు. ఇల్లాలిని అడిగితే మాత్రం ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతుంది: జాకెట్లు టైలరు దగ్గరే ఉన్నాయి, అరిసెల బియ్యం నానబోయలేదు, కిటికీ పరదాలు ఉతకలేదు, చిన్నాడికి చెప్పులు బిగుతయ్యాయి, ఊరినుంచి వచ్చే ఆడపడుచుకు చీర తీయలేదు, గ్యాస్ బండ ఏ క్షణానైనా అయిపోవచ్చు. ఒకే ఇల్లు, ఒకే పండగ, జాబితాలు మాత్రం మూడు. చివరి రోజుల పరుగులకు మనం పనుల బరువును తిట్టుకుంటాం గానీ, పండగ మొత్తం ఒకే బుర్రలో దాగి ఉండడమే అసలు చిక్కు. దాన్ని అక్కణ్ణుంచి బయటికి తీయనంతకాలం ఎంత తెల్లవారుజామున లేచినా, ఎన్ని రోజులు సెలవు పెట్టినా ఒరిగేదేమీ ఉండదు.

తమిళనాడులో ధర్మపురి దగ్గరి చెట్టికరైనే తీసుకోండి. 2013లో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల వల్ల బయటివాళ్ళకు తెలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ధర్మపురి, కృష్ణగిరి వైపు తరతరాలుగా ఉన్నాయి. ఈ రెండు జిల్లాల కతోలికులకు 1997లో ధర్మపురి కేంద్రంగా మేత్రాసనం (డయోసిస్) కూడా ఏర్పడింది. అక్కడ ఒక తెలుగు క్రైస్తవ కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ స్కూలు టీచరు. నాన్నకు హోసూరు కంపెనీలో ఉద్యోగం, శనివారం రాత్రి ఇల్లు చేరతాడు. ప్లస్ వన్ చదివే అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి, వీళ్ళందరినీ గమనిస్తూ అవ్వ. తమిళనాడు బడుల్లో అర్ధ సంవత్సర పరీక్షలు ఈమధ్య డిసెంబరు 23 దాకా నడుస్తున్నాయి. సెలవులు మొదలయ్యేది 24న. అదే రాత్రి గుడిలో పూజ. అంటే పిల్లలకు పరీక్షలు, అమ్మకు పరీక్షల డ్యూటీ, పైగా దిద్దాల్సిన పేపర్ల కట్టలు, అన్నీ అయ్యాక పండక్కి మిగిలేది ఒక్క పగలు. ఆ పగలు మీద ఈ ఇల్లు పెట్టుకునే ఆశలు మాత్రం వారం రోజులకు సరిపడా ఉంటాయి.

ఈ ఆశకు శాస్త్రవేత్తలు ఎప్పుడో పేరు పెట్టారు. 1979లో డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ దీన్ని 'ప్లానింగ్ ఫాలసీ' అన్నారు. ఇదే పని పోయినసారి ఎంతసేపు పట్టిందో తెలిసి కూడా, ఈసారి తొందరగా అయిపోతుందని నమ్మడం. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం డిగ్రీ విద్యార్థులను "మీ థీసిస్ ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది. సగటున 34 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైమాటే. చెప్పిన గడువులో ముగించినవాళ్ళు నూటికి 30 మంది. క్రిస్మస్ కొనుగోళ్ళ మీద పరిశీలించినా ఇదే తంతు, అనుకున్న తేదీ జారిపోయింది. కాబట్టి "నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానక్కా" అన్న టైలరును మరీ తిట్టకండి. ఆయన అబద్ధమాడడం లేదు, మీలాగే ఆశపడుతున్నాడు. కాకపోతే బట్టలు నవంబరులోనే ఇచ్చి రండి.

దీనికి విరుగుడు ఉంది. జస్టిన్ క్రూగర్, మాట్ ఎవాన్స్ 2004లో ప్రచురించిన ప్రయోగాల్లో, పనిని ముక్కలుగా విప్పి రాసుకున్నవాళ్ళు ఎంతసేపు పడుతుందో వాస్తవానికి దగ్గరగా అంచనా వేశారు. వాళ్ళు తీసుకున్న పనుల్లో పండగ షాపింగ్ కూడా ఒకటి. మన భాషలోకి తెచ్చుకుంటే, జాబితాలో 'అరిసెలు' అని ఒక్క ముక్క రాస్తే అది ఒక సాయంత్రం పనిలా కనబడుతుంది. విప్పి చూడండి. ముందురోజే బియ్యం కడిగి నానబోయాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. తర్వాత వాడ్చి, గుడ్డ మీద పరిచి, చెమ్మ పూర్తిగా ఆరకముందే మరకు పట్టుకెళ్ళాలి. తడి బియ్యం ఆడించే వేళ చాలా మరల్లో వేరుగా ఉంటుంది. పండగ వారంలో అక్కడ వరుస ఉంటుంది. కరెంటువాళ్ళు నెలవారీ మరమ్మతులకని సరఫరా ఆపే రోజు అదే అయితే మర తలుపే తీయదు. పిండి వచ్చాక జల్లించి, ఆరిపోకుండా అదిమి మూత పెట్టాలి. బెల్లం పాకం దగ్గర ఒకరు కదలకుండా నిలబడాలి. చుక్క నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి గానీ గట్టిపడకూడదు. ఒక్క నిమిషం ముదిరినా అరిసె రాయవుతుంది, లేతగా దించితే నూనెలో విచ్చుకుపోతుంది. పిండి పోసేటప్పుడు ఒక మనిషి పోయాలి, ఒక మనిషి తెడ్డుతో కలపాలి. వేయించేటప్పుడూ ఇద్దరు కావాలి, తట్టి వేసేది ఒకరైతే పీట మీద నూనె ఒత్తేది ఇంకొకరు. ఇప్పుడు చెప్పండి, ఇది 24 సాయంత్రం, పేపర్లు దిద్ది వచ్చిన ఒక్క మనిషి చేసే పనేనా? పక్కింటి తమిళ ఆవిడ అధిరసం పిండిని రెండు రోజుల ముందే కలిపి మాగనిస్తుంది. అది రుచి కోసమే అయినా, పండగ రోజుకు పొయ్యి దగ్గర సగం పని తగ్గినట్టే.

కేక్, బట్టలు, ఇంటి శుభ్రం, చుట్టాలు, క్రిస్మస్ బొమ్మలు పెట్టే పశువుల పాక, ఇలా పెద్ద పనులు ఎన్ని ఉంటే అన్నిటినీ ఇలాగే విప్పండి. కాగితం చాలకపోతే పాత క్యాలెండరు వెనక రాయండి. భయమేస్తుంది, నిజమే. నవంబరు నెలాఖరులో వేసే భయం డిసెంబరు 23 రాత్రి వేసే భయం కన్నా చవక.

రాశాక ప్రతి ముక్క పక్కనా 'ఎప్పుడు, ఎక్కడ' అన్న రెండు మాటలు చేర్చండి. ఇది చాదస్తం కాదు. జర్మనీలో పీటర్ గోల్విట్జర్ 1997లో ప్రచురించిన ఒక ప్రయోగం క్రిస్మస్ మీదే. పండగ ముందు రాత్రి ఎలా గడిచిందో 48 గంటల్లోగా రాసి పంపమని విద్యార్థులను అడిగారు. సగం మందిని, ఎప్పుడు ఏ చోట కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా అనుకున్నవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది గడువులోగా రాశారు. అనుకోనివాళ్ళలో మూడో వంతు మందే. కాబట్టి 'సీరియల్ సెట్లు చూడాలి' అని వదిలేయకండి. 'మొదటి ఆదివారం భోజనాలయ్యాక, వరండాలో ప్లగ్ దగ్గర' అని రాయండి. వెలగని బల్బులు అప్పుడే బయటపడితే ధర్మపురి వెళ్ళినప్పుడు మార్చుకోవచ్చు. 23 రాత్రి బయటపడితే ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు విసుక్కోవచ్చు.

ఆదివారం అన్నాను కదా, అది కూడా ఊరికే అనలేదు. ఈ పండగ తన క్యాలెండరును తానే తెచ్చుకుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలు. 2026లో అవి నవంబరు 29, డిసెంబరు 6, 13, 20. హాంబర్గ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన లూథరన్ పాస్టరు యోహాన్ వికెర్న్‌ను పిల్లలు "పండగ వచ్చేసిందా?" అని రోజూ వేధించేవారట. 1839లో ఆయన ఒక పాత బండి చక్రానికి నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, ఇరవై చిన్న ఎర్రవి గుచ్చాడు. మామూలు రోజుకు చిన్నది, ఆదివారానికి పెద్దది వెలిగించేవారు. ఎన్నాళ్ళుందో పిల్లలు కళ్ళతో లెక్కపెట్టుకున్నారు. ఈనాటి ఆగమన కాలపు కొవ్వొత్తుల చక్రానికి మూలం అదే. చెట్టికరై ఇంట్లో నాన్న ఇంటిపట్టున ఉండేది కూడా ఆదివారమే కనుక, మనిషి చేయి అవసరమైన పనులన్నీ ఆ నాలుగింటికీ తగిలించండి. ఆగమన కాలం పాటించని సంఘాల్లోనూ ఆదివారాలకు కొరత లేదు.

ఇక అసలు విషయం. ఇంట్లో నాన్న చెడ్డవాడేం కాదు. "ఏం తేవాలో చెప్పు, తెచ్చేస్తా" అంటాడు. పాపం, నిజంగానే తెస్తాడు. కొట్టు ముందు నిలబడి మూడుసార్లు ఫోను చేస్తాడు. "మైదా ఎన్ని కిలోలు? ఏలకులు ఇంట్లో లేవా? నెయ్యి ఏది తేను?" ఆయన దృష్టిలో తాను సాయం చేస్తున్నాడు. ఆమె మాత్రం అక్కడ బడిలో బోర్డు ముందు నిలబడి ఇక్కడ కొట్టు నడుపుతోంది. చెప్పడమే పెద్ద పని అని చాలామంది మగవాళ్ళకు తట్టదు. అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 35 జంటలతో మాట్లాడి 2019లో దీని గుట్టు విప్పారు. ఇంటి పనిలో కంటికి కనబడని దశలు నాలుగు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కలుస్తున్నారు. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తినే పడుతున్నాయి. దేశం వేరైనా వంటిల్లు అదే.

అందుకని పనిని కాదు, పని తాలూకు బెంగను పంచండి. కేక్ నాన్నది అంటే పూర్తిగా నాన్నదే. ఎన్ని కిలోలు, ఏ బేకరీ, ఎప్పుడు ఆర్డరు ఇవ్వాలి, ఎవరు తేవాలి, ఇంటికి వచ్చాక చీమలు పట్టకుండా ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆయన బుర్రలోనే తిరగాలి. అమ్మ అడగకూడదు, గుర్తుచేయకూడదు. ఇది అమ్మకే ఎక్కువ కష్టం. ఆయన ప్లమ్ కేక్ బదులు గులాబీ రంగు క్రీము పూసింది తెస్తే, తినాలి. "నాకు తెలుసు, నువ్విలాగే చేస్తావని" అన్నారా, వచ్చే ఏడాది కేక్ మళ్ళీ మీ బుర్రలోకే వస్తుంది. పగ్గాలు ఇచ్చినట్టే ఇచ్చి కొస పట్టుకునే అలవాటు మన ఇళ్ళలో ఆడవాళ్ళకూ ఉంది, ఆ మాట కూడా అనుకోవాలి.

స్టార్, సీరియల్ సెట్లు, గడ్డితో కట్టే పశువుల పాక (అక్కడి పిల్లల నోట అది కుడిల్) అబ్బాయివి. పరీక్షల్లో ఉన్నాడు కాబట్టి ఆదివారం ఒక గంట చాలు. మిగతాది 24 ఉదయం. అమ్మాయికి పరీక్షలయ్యేదాకా ఏమీ ఇవ్వకండి. అవ్వను మాత్రం మూల కూర్చోబెట్టకండి. పండగ పూట ఏ ఇంటికి ఏం పంపాలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దీపావళికి ఎవరు మురుకులు పంపారు, రంజాన్‌కు ఎవరి బిర్యానీ వచ్చింది, ఎవరింట్లో చావు జరిగి ఈసారి తీపి పంపకూడదు, ఎవరికి షుగరు, ఇవన్నీ నోటి లెక్కే. పంచిపెట్టే జాబితా ఆమె చెబితే అమ్మాయి రాస్తుంది, 25 మధ్యాహ్నం ఇద్దరూ కలిసి గిన్నెలు సర్దుతారు. గిన్నెలు తిరిగి వచ్చాయో లేదో చూసుకునేది కూడా వాళ్ళే.

అయినా పనులు మిగులుతాయి. అప్పుడు కోత వేయాలి. మొదటి ఆదివారమే అందరినీ కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: "ఏది లేకపోతే నీకు క్రిస్మస్ అనిపించదు?" ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి. అమ్మాయి రాత్రి పూజకు కొత్త గౌను అనవచ్చు. అబ్బాయి బిర్యానీ అంటాడు. అవ్వ అందరూ కలిసి కూర్చుని ప్రార్థన చేయడం అంటుంది. పరదాలు ఎవరూ అనరు. సోఫా కవర్లు, మూడు రకాల పిండివంటలు, అటక దులపడం కూడా ఎవరి నోటా రావు. ఎవరూ అడగనివాటి కోసమే అమ్మ సగం నిద్ర మానుకుంటోందని తేలిపోతుంది. అమ్మకు మాత్రం అరిసెలు తన చేత్తో చేస్తేనే పండగ అనిపిస్తే, అవి ఉంచండి. మిగతా రెండు రకాలు కొట్లో కొనండి.

కొంటే తక్కువైపోతామా? 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయనకు పండగ పూట వచ్చే ఉత్తరాలకు చేత్తో జవాబులు రాసే తీరిక లేకపోయింది. చిత్రకారుడు జాన్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి, శుభాకాంక్షలు అచ్చు కొట్టించి పంపేశాడు. మొదటి క్రిస్మస్ కార్డు అలా పుట్టింది. తీరిక లేని మనిషి వెతుక్కున్న అడ్డదారే తర్వాత తరాలకు సంప్రదాయమైంది. కొట్లో కొన్న గులాబీ పువ్వుల పిండివంట కూడా పళ్ళెంలో పెడితే బాగానే ఉంటుంది.

24 సాయంత్రం ఆరు గంటలకు జాబితా మూసేయండి. అప్పటికి కానిది ఈ ఏడాదికి కానట్టే. టైలరు జాకెట్టు ఇవ్వకపోతే పాతది ఇస్త్రీ చేసుకోండి. స్నానాలు, జడలు, బట్టలు, పూజకు వెళ్ళే దారిలో చలి, వీటికి కూడా సమయం కావాలి కదా. జాబితాలో ఎవరూ రాయని పనులు ఇవే.

26న ఇంకో పావుగంట పని ఉంది. అందరి ఒళ్ళూ బద్ధకంగా ఉంటుంది గనుక తిట్టుకుంటూనే చేయండి. ఒక నోటుపుస్తకం తీసి జరిగింది జరిగినట్టు రాయండి. బెల్లం ఎన్ని కిలోలు తెచ్చాం, ఎంత మిగిలింది. టైలరు నాలుగు రోజులని చెప్పి ఎన్ని రోజులు తీసుకున్నాడు. మర దగ్గర ఎంతసేపు నిలబడ్డాం. కేక్ ఎవరూ తినకుండా మిగిలిందా. వచ్చే నవంబరులో మీ ఆశ మీతో వాదనకు దిగినప్పుడు దానికి ఎదురు చెప్పగలిగేది ఈ పుస్తకమే. పుస్తకాన్ని అటక మీద పెట్టేయకండి. జనవరిలో పొంగల్ పండగ దగ్గర్లోనే ఉంది. పక్కింటినుంచి పొంగలి గిన్నె వస్తుంది, దాన్ని ఖాళీగా తిప్పి పంపే ఇల్లు కాదు మనది, కాబట్టి అవ్వకు అందులో రెండు పేజీలు వదిలిపెట్టండి.