విదేశీ విద్య – ర్యాంకుల పట్టిక

విదేశాలలో ఉన్నత విద్య నభ్యసింపగోరు విద్యార్థి మొదట తెరచేది ర్యాంకుల పట్టిక. ఆ అంకెల వెనుక నున్న కొలబద్ద ఏమిటో విచారించేవారు అరుదు.

2003లో షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం ప్రారంభించిన పట్టికలో నూటికి 30 వంతులు నోబెల్, ఫీల్డ్స్ పురస్కారాలకే చెందుతాయి. ఆ పురస్కారం పొందిన పండితుడు ఎం.ఎస్సీ. తరగతికి పాఠం చెప్పునా, లేదా అన్నది ఆ లెక్కలో లేదు. క్యూఎస్ పట్టికలో 30 వంతులు విద్వాంసుల అభిప్రాయ సేకరణపై ఆధారపడినవి. అనగా పేరుకు పేరే సాక్ష్యం!

కొన్ని జాబితాలకు విద్యాలయాలే స్వయంగా లెక్కలు పంపుతాయి. యు.ఎస్. న్యూస్ జాబితాలో 2వ స్థానంలో నున్న కొలంబియా, తన గణితాచార్యుడే ఆ లెక్కలను ప్రశ్నించిన పిమ్మట, 2022లో 18వ స్థానానికి దిగినది. ఒక్క ఏటిలో అక్కడి బోధన అంతగా క్షీణించి యుండదు గదా.

అట్లని పట్టికను త్రోసివేయుటకూ వీలులేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన విదేశీ విద్యా సహాయాన్ని క్యూఎస్ మొదటి 200 స్థానాలకు పరిమితం చేసినది. సహాయం కోరు విద్యార్థి ముందుగా అట్టి నిబంధనలనే చదువుకొనవలె. సొంత రుణంతో వెళ్ళువారు తమ శాఖకు చెందిన జాబితాను, పాఠ్యప్రణాళికను, రుసుమును పరిశీలింపవలె. జర్మనీలోని అనువర్తిత శాస్త్రాల విద్యాలయాలు పరిశోధన కన్న పరిశ్రమలకు అవసరమైన శిక్షణకే ప్రాధాన్యమిస్తాయి. కనుక ఇంజనీరింగు విద్యార్థి వాటిని వెదకవలసినది ప్రపంచ పట్టికల వెలుపలనే.