బంగాళాదుంపలో బాక్టీరియా మెత్తకుళ్ళు తెగులు – రకాల నిరోధకతలో వ్యత్యాసాలు

బంగాళాదుంపకు మెత్తకుళ్ళు తెగులు వలన కలిగే నష్టం పొలంలో కంటే తవ్వకం తరువాత, రవాణాలోను నిల్వలోను అధికంగా ఉంటుంది. కుళ్ళిన దుంప నుండి కారే ద్రవం పక్క దుంపలకు తెగులును అంటిస్తుంది. ఈ తెగులు ఏమాత్రం సోకని రకం సాగులో లేకపోయినా, తట్టుకునే శక్తిలో రకాల మధ్య స్పష్టమైన తేడాలున్నాయి. ఆ తేడాల మూలాన్ని, పరిమితులను గ్రహించిన తరువాతనే రైతుకు రకాన్ని సిఫారసు చేయడం సమంజసం.

వ్యాధికారకం – వ్యాప్తి

పెక్టోబాక్టీరియం, డికేయా ప్రజాతులకు చెందిన బాక్టీరియా ఈ తెగులుకు కారకాలు. వీటిలో ప్రధానమైన పెక్టోబాక్టీరియం కరోటోవోరంను 1901లో ఎల్.ఆర్. జోన్స్ క్యారెట్ కుళ్ళు నుండి వర్ణించారు. చాలాకాలం ఇది ఎర్వీనియా పేరుతో వ్యవహరింపబడింది. గాయాలు, తొక్కపై గల శ్వాసరంధ్రాల ద్వారా ప్రవేశించిన బాక్టీరియా లక్షణాలు చూపకుండానే దుంపలో నిలిచి ఉండగలదు. సంఖ్య తగినంత పెరిగిన తరువాత రసాయన సంకేతాల ద్వారా ఒక్కుమ్మడిగా పెక్టేట్ లయేజ్ వంటి ఎంజైములను విడుదల చేసి, కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను ఛేదిస్తుంది. అప్పుడు కణజాలం మీగడ రంగు ముద్దగా మారుతుంది.

వ్యత్యాసాలకు కారణాలు

కణకవచంలోని పెక్టిన్‌ను కాల్షియం బిగించి ఉంచుతుంది. అందువలన దుంపలో కాల్షియం అధికంగా ఉన్నప్పుడు కుళ్ళు తీవ్రత తగ్గుతుంది. గాయంపై సుబెరిన్ పొర ఏర్పడే వేగం, ఫినాల్ పదార్థాల ఉత్పత్తి కూడా రకాన్నిబట్టి మారుతాయి. దుంపలు వేయని అడవి జాతి సొలానం బ్రెవిడెన్స్‌ను ప్రోటోప్లాస్ట్ సంయోగం ద్వారా సాగు బంగాళాదుంపతో కలిపి, నిరోధకత గల సంకరాలను పొందారు.

పరీక్షా ఫలితాల అన్వయం

సాధారణంగా దుంపకు నిర్ణీత లోతు గాయం చేసి, తెలిసిన సంఖ్యలో బాక్టీరియాను ప్రవేశపెట్టి, కుళ్ళిన భాగాన్ని తూచి రకాలను పోలుస్తారు. అయితే సుబెరిన్ ఏర్పడుటకు ఆక్సిజన్ అవసరం. దుంపపై నీటి పొర నిలిస్తే కొద్ది గంటల్లోనే లోపల ఆక్సిజన్ కొరవడి, ఈ రక్షణ కుంటుపడుతుంది. కావున గాలి తగిలే స్థితిలో మేలుగా కనిపించిన రకం తడిసిన గుట్టలో కుళ్ళిపోవచ్చు. ఉష్ణోగ్రత, దుంప పక్వత, నేలలోని కాల్షియం కూడా రకాల వరుసను మార్చగలవు. కాండంలో కనిపించిన నిరోధకత దుంపలోనూ ఉంటుందని భావించరాదు.

విస్తరణకు సూచనలు

జహీరాబాద్ ప్రాంతంలో యాసంగి పంట తవ్వకం నాటికి ఉష్ణోగ్రతలు పెరగనారంభిస్తాయి. కనుక రకం ఎంపికతోపాటు కింది జాగ్రత్తలు పాటించాలి.

• తవ్వకానికి 10–15 రోజుల ముందు తీగలు కోసి, తొక్క గట్టిపడనివ్వాలి.
• నేల తడిగా ఉన్నప్పుడు తవ్వరాదు. నిల్వకు ముందు దుంపలను కడగరాదు.
• గాయపడిన, కుళ్ళిన దుంపలను ఏరివేసి, మిగిలినవాటిని గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి.
• కాల్షియం కొరవడిన నేలల్లో దుంప ఏర్పడే దశలో జిప్సం వేయాలి. ఆకుల నుండి దుంపకు కాల్షియం చేరడం స్వల్పం.

రకాన్ని "నిరోధకం" అని నమోదు చేసినప్పుడు, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత తేమలో పరీక్షించినదీ దాని పక్కనే పేర్కొనాలి. ఆ వివరం లేని సిఫారసును నమ్మి దుంపలను తడితోనే నిల్వచేసిన రైతు పంటంతా నష్టపోయే ప్రమాదముంది.