హేవలాకు వంతెన చరిత్ర

మన కడియము స్టేషను మీదుగా పడమటికి పోవు రైలుబండి రాజమహేంద్రవరము దాటిన పిమ్మట గోదావరిపై వంతెన నెక్కును. అప్పుడు ప్రయాణికులు కిటికీలకడ చేరి నదిని చూతురు. కొందరు నాణెములు విసరి నమస్కరింతురు. ఆచ్చటనే బండ్లు నడువని పాత వంతెన యొకటి నిలిచియున్నది. దాని పేరు హేవలాకు వంతెన. దానిని చూచినవారు పెక్కురు. దాని వృత్తాంతము నెరిగినవారు కొలదిమంది. అందుచే దానిని సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట వంతెన లేని కాలమును తలపోయుదము. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరముకడ ఆనకట్ట నిర్మింపబడిన తరువాత ఈ సీమలో కాలువలే రాజమార్గములయ్యెను. ధాన్యము, మనుష్యులు, సరకులు సమస్తమును పడవలమీదనే సాగెడివి. 1893వ సంవత్సరము మొదలుకొని బెజవాడనుండి కటకమువైపు తూర్పుకోస్తా రైలుమార్గము క్రమముగా తెరువబడినది. కాని గోదావరి మధ్యలో అడ్డముగా నుండెను. ఇవతల రాజమహేంద్రవరము, అవతల కొవ్వూరు, నడుమ నీరు. ప్రయాణికులు బండి దిగి, నది దాటి, మరల బండి నెక్కవలసివచ్చెడిది. వరద కాలమున ఆ దాటుట ఎంత ప్రయాసమో గోదావరి నెరిగిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కొరత తీర్చుటకు 1897వ సంవత్సరము నవంబరులో వంతెన పని ప్రారంభమాయెను. అంతకు పూర్వము కాశీయొద్ద గంగపై డఫ్రిను వంతెనను కట్టించిన వాల్టను అను ఇంజనీరు దీనికి అధిపతిగా నుండెను. 1900వ సంవత్సరము ఆగష్టులో వంతెన తెరువబడినది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థరు హేవలాకు పేరు దానికి పెట్టబడినది. మూడు సంవత్సరములలోపల ఇంతటి కార్యము ముగియుట ఆశ్చర్యకరము.

ఇసుక నేలలో స్తంభము ఎట్లు నిలుచును? విద్యార్థులు తప్పక తెలిసికొనవలసిన విషయమిది. ఇసుక పైపొర వరదకు కోసుకొనిపోవును గనుక పునాది చాల లోతునకు పోవలెను. ఇందుకై నదిలో బావివంటి గుండ్రని కట్టడము నొకదానిని కట్టి, దాని లోపలి ఇసుకను తోడివేయుదురు. లోపల ఖాళీయైనకొలది కట్టడము తన బరువుచేతనే క్రిందికి దిగును. పైన మరికొంత కట్టి, మరల తోడుదురు. గట్టి నేల తగిలిన పిమ్మట లోపలి భాగమును పూడ్చి, దానిపై స్తంభమును లేపుదురు. మన పల్లెలలో నూతిలో వరలు దింపువారి పనియు నించుమించుగా నిట్టిదే. ఇట్టి స్తంభములపై 56 ఇనుప దూలపు ఖానాలు అమర్చబడినవి. ఒక్కొక్క ఖానా 150 అడుగులు. గుణించి చూచిన 8,400 అడుగులు, అనగా ఒకటిన్నర మైలుకు మించిన పొడవు.

ఈ వంతెనపై నుండినది ఒక్కటే దారి. ఒక బండి దాటువరకు ఎదురుబండి ఆగవలసినదే. కాలక్రమమున బండ్ల సంఖ్యయు, బరువును పెరిగినవి. 1974లో పైన రోడ్డు, క్రింద రైలు గల రెండవ వంతెన వచ్చెను. 1997 నాటికి విల్లువంటి కమానులతో మూడవ వంతెన సిద్ధమాయెను. అందలి ఖానాలు 28 మాత్రమే. ఒక్కొక్కటి సుమారు 97 మీటర్లు. పాతదానిలో సగము ఖానాలతోనే నది దాటుటకు వీలగుట నిర్మాణశాస్త్రము పొందిన అభివృద్ధిని చూపుచున్నది. 1997లోనే, 97 సంవత్సరముల సేవ పిమ్మట, హేవలాకు వంతెన విశ్రాంతి నొందెను.

పని తీరినదానిని ఏమి చేయవలెను? పాత యినుముగా అమ్మివేయవలెనా, జ్ఞాపకార్థము నిలుపవలెనా యను చర్చ చాలకాలము జరిగినది. అమ్మకమును కోరువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాపాడుటకును ధనము కావలెను గదా! అయితే మన పొరుగుననే యున్న కాకినాడ-కోటిపల్లి మార్గమును చూడుడు. 1928లో తెరువబడిన ఆ దారి పట్టాలు రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెకలింపబడినవి. మరల అచ్చట బండి నడుచుటకు 2004 వరకు వేచియుండవలసివచ్చెను. తీసివేయుట స్వల్పకాలము పని. తిరిగి పెట్టుట తరముల పని. పట్టాలనైనను మరల పరువవచ్చును గాని నూరేండ్లనాటి వంతెనను ముక్కలుచేసిన పిమ్మట ఎవరును తిరిగి తేజాలరు. కావున దానిని నిలుపుటయే మేలని మా అభిప్రాయము. 2025వ సంవత్సరమున శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకములో ఈ వంతెనను సందర్శకులకు యోగ్యముగా తీర్చుటయు చేరియుండుట సంతోషకరము.

కాని దీపములు, రంగులు మాత్రమే చాలవు. గవర్నరు పేరు వంతెనపై నిలిచినది; ఇంజనీరు పేరు గ్రంథములలో నిలిచినది; ఇసుక తోడి, రాయి మోసి, ఇనుము బిగించిన కూలీల పేళ్లు ఎక్కడను కానరావు. బావులు దిగిన విధమును, వారి శ్రమను తెలుపు ఫలక మొకటి గట్టున నుండవలెను.

బాలబాలికలారా, ఈ సెలవులలో గోదావరిగట్టునకు పోవునపుడు ఒక నోటు పుస్తకము వెంట తీసికొనుడు. ఖానాలను లెక్కింపుడు. ఆ వంతెనపై ప్రయాణము చేసిన తాతలు, అమ్మమ్మలు ఇంకను మన యిండ్లలో నున్నారు. వారి నడిగి, వారు చెప్పినదానిని వ్రాసికొనుడు. ఇనుమును కాపాడుటకు ప్రభుత్వము కావలెను. జ్ఞాపకమును కాపాడుటకు మీరు చాలుదురు.