తిరుగవేసిన కోటు

1941వ సంవత్సరము జూను 1వ తేదీ ఆదివారము. బ్రిటనులో అంగళ్లు మూసియున్నవి. ఆనాడు వాణిజ్యశాఖను నిర్వహించుచున్న ఆలివర్ లిటిల్టన్ రేడియోలో ప్రసంగించుచు, ఇకమీదట కూపనులు లేనిదే వస్త్రములుగాని పాదరక్షలుగాని విక్రయింపబడవని ప్రకటించెను. ఈ సంగతి అంతవరకును రహస్యముగా నుంచబడినది. ముందుగా పొక్కినచో కలవారు దుకాణములపై బడి సరకునంతయు కొని దాచుకొందురని ప్రభుత్వము భయపడెను. క్రొత్త కూపనులు పంచిపెట్టినచో గుట్టు బయటపడును గావున, ఆహారపు రేషను పుస్తకములో మిగిలియున్న మార్గరీను కూపనులనే వస్త్రములకు వాడుకొనుడని చెప్పిరి.

ఇట్టి కట్టడి యేల వచ్చెను? ప్రత్తి ఆ దేశమున పండదు. ఉన్నిలో హెచ్చుభాగము ఓడలపై రావలసినదే. ఆ ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచివేయుచుండెను. వచ్చిన కొద్ది నూలును సైనికుల దుస్తులకును, గుడారములకును చెల్లిపోవుచుండెను. మిల్లులలో పనిచేయుచున్న స్త్రీపురుషులు ఆయుధముల కర్మాగారములకు కావలసి వచ్చిరి.

మొదటి యేట ఒక్కొక్కరికి 66 కూపనులు లభించెను. పురుషుని ఉన్ని కోటునకు 13, ప్యాంటునకు 8, లోకోటునకు 5 చొప్పున ఒక్క జతకే 26 కూపనులు వ్యయమగును. స్త్రీ ధరించు ఉన్ని గౌనునకు 11 కావలెను. పోనుపోను ఈ కూపనుల సంఖ్యయు తగ్గినది. ఎదుగు పిల్లలున్న యిండ్లలో కష్టము చెప్పనలవి కాదు. పిల్లలకు కొన్ని కూపనులు అదనముగా నిచ్చినను చాలక, తల్లులు తమ వంతును వారికే ధారవోయుచుండిరి. అయితే ఈ నిర్బంధములో ఒక సందు కలదు. అదివరకు ఒకరు తొడిగి విడిచిన పాతబట్టకు కూపను అక్కరలేదు. ఇంటిలో పెట్టె యడుగున పడియున్న బట్టను విప్పి మరల కుట్టుకొన్నచో అడుగువారే లేరు.

1943లో ప్రభుత్వము ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఉన్నదానితో సరిపెట్టుకొని చిరిగినదానిని బాగుచేసికొనుడని దాని పేరునకు అర్థము. ఊరూర సాయంకాలపు కుట్టు తరగతులు వెలసెను. స్త్రీల స్వచ్ఛంద సేవాసంఘమువారు కేంద్రములు తెరచి, బిడ్డకు పొట్టియైన చొక్కాను తెచ్చినవారికి మరియొక బిడ్డ విడిచిన పెద్ద చొక్కాను ఇచ్చుచుండిరి.

పాత కోటును క్రొత్తదిగా మార్చు పని చూచుటకు తేలిక, చేయుటకు ఓర్పు. ముందుగా కుట్లన్నియు విప్పవలెను. ఆతురపడి లాగినచో గుడ్డ చినుగును గావున, సన్నని కత్తెర మొనతో దారమును మాత్రమే తెగగోయవలెను. అస్తరు, గుండీలు, కాలరులోని గట్టిగుడ్డ వేరువేరుగా తీసి దాచవలెను. పారవేయదగినది యేదియు లేదు. పిదప కుట్లలో పేరుకొనిన దుమ్మును దులిపి, ముక్కలను గోరువెచ్చని సబ్బునీటిలో ఉతికి, తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేయవలెను. అటుపిమ్మట ఒక్కొక్క ముక్కను వెలుతురున కెదురుగా పట్టి చూడవలెను. మోచేతులకడ, జేబుల అంచులకడ గుడ్డ పలుచబడి వెలుగు కనబడును. అచ్చట సుద్దతో గుర్తువేసి, ఆ చోటు తప్పించి కత్తిరింపవలెను. పడుగు నిలువునకు వచ్చునట్లు చూడనిచో క్రొత్త యుడుపు నాలుగు దినములకే సాగి వ్రేలాడును.

ఉన్నిగుడ్డ పైవైపు వెలిసినను లోవైపు రంగు చెడక నిలుచును. అందుచే దానిని తిరుగవేసి కుట్టుచుండిరి. ఇచ్చట ఒక చిక్కు కలదు. పురుషుల కోటునకు కాజాలు ఎడమవైపున నుండును. గుడ్డ తిరుగవేయగా ఎడమ ముక్క కుడివైపునకు మారును. రొమ్ముమీది జేబును దానితో పోవును. కుడిరొమ్మున జేబుగల కోటును చూచినవారు, అది తిరుగవేసిన కోటని యిట్టే గ్రహించుచుండిరి. కొందరు మగవారు దీనికి సిగ్గుపడిరి. కాని అదే కోటును యుద్ధమునకు వెళ్లిన భర్త పెట్టెనుండి తీసి భార్య తనకు కుట్టుకొన్నచో, స్త్రీల యుడుపులకు కాజాలు కుడివైపుననే యుండుట వాడుక గావున, చిక్కు తనంతట తానే తీరెను!

తండ్రి ప్యాంటు మోకాళ్లకడ అరిగినచో, ఆ భాగము తొలగించి కుమారునకు పొట్టిలాగు కుట్టిరి. నడుమ నలిగిన దుప్పటిని నిలువునకు రెండుగా చీల్చి, అంచులను నడుమకు చేర్చి అతికిరి. బిగుతైన ఉన్నిచొక్కాను విప్పి, దారమును చిలుపలుగా చుట్టి ఉతికి, బరువు కట్టి వ్రేలాడదీసినచో వంకరలు పోవును. దానితో మరల అల్లవచ్చును. యుద్ధము ముగిసిన పిదప పారాషూటుల పట్టు కూపను లేకయే దొరకెను. అది కోణాకారపు ముక్కలుగా నుండుటచే కుట్లు ఎక్కువైనను, పెండ్లికూతుండ్రు దానినే గౌనులుగా కుట్టించుకొనిరి.

అయినను బాగుచేసికొనుడను ఉపదేశము, బాగుచేయుటకు బట్ట కలవారికే చెల్లును. ధనికురాలి అలమరలో మేలిరకపు ఉన్నిబట్టలుండును. వాటిని ఎన్నిమారులు తిరుగవేసినను నిలుచును. చౌక గుడ్డతో ఏడాది గడుపుకొనిన కూలివాని భార్యకు విప్పుటకేమున్నది? ఈ యసమానతను కొంత తగ్గింపనెంచి ప్రభుత్వము, నిర్ణీతమైన ధరకు గట్టి గుడ్డతో సాదా దుస్తులు తయారుచేయించెను. గుడ్డ ఆదాకై 1942లో ప్యాంటు అడుగున మడత పెట్టరాదని శాసించిరి. బాంబులకు జంకని మగవారు ఈ మడత పోయినందుకు మాత్రము మిక్కిలి గొణిగిరి. కొందరు పొడుగు ప్యాంటు కొని యింటికడ మడత కుట్టించుకొనిరట.

1943లో భారతదేశమునందును నూలువస్త్రములపై ప్రభుత్వపు అదుపు వచ్చినది. పాతచీరలను పొరలుగా పరచి బొంతలు కుట్టుట తెలుగు ఇల్లాండ్రకు తెలిసిన పనియే గావున, వారికి దీనిని నేర్పుటకు పుస్తకము అక్కరలేదు.

బ్రిటనులో యుద్ధము ముగిసినను కూపనులు పోలేదు. 1947లో రాకుమారి ఎలిజబెత్తు వివాహమునకు సయితము కూపనులు కావలసివచ్చెను. ప్రజలు తమవానిని ఆమెకు టపాలో పంపిరి. ఒకరి కూపనులు మరియొకరు వాడుట చట్టవిరుద్ధము గావున అవి తిరిగి పంపబడినవి. 1949వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఈ యేర్పాటు రద్దయ్యెను. క్రొత్త గౌనులు కొనుక్కొన్న పిదపను, ఆ తరపు స్త్రీలలో పెక్కురు పాతబట్టలనుండి కోసిన గుండీల డబ్బాను మాత్రము పారవేయలేదు.